రోబో కాళ్ళ నామినేషన్

సరిగ్గా నిలబడలేని మనిషి ఎన్నికల్లో నిలబడతానంటే పామిడిలో నవ్వనిదెవరు? అందరికంటే గట్టిగా నవ్వింది చంద్రమోహన్ భార్య వనజాక్షే.

వేరుశనగ రైతుల సంఘానికి అధ్యక్షుడు కావాలని చంద్రమోహన్‌కు ఎన్నాళ్ళ నుంచో కోరిక. నామినేషన్‌కు రేపే ఆఖరు. అతనేమో బైకు మీద నుంచి పడి, తుంటికి ఆపరేషనై ఇంకా చేతికర్రల మీదే ఉన్నాడు. ప్రత్యర్థి నారాయణప్ప పరాయివాడేం కాదు, వనజాక్షి అక్క సునంద మొగుడు. “మా షడ్డకుడు మంచం దిగితే కదప్పా, కుర్చీ ఎక్కేది!” అని బజారంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

ఆ మాటకు పౌరుషం వచ్చి, ఊరంతా చూస్తుండగా సంఘం ఆఫీసుకు నడిచే పోవాలని పంతం పట్టాడు చంద్రమోహన్.

అనంతపురంలో ఫిజియోథెరపిస్టు శ్రీకాంత్ అతనికి అప్పటికే రోబో కాళ్ళు అద్దెకిచ్చి ఉన్నాడు. నడుము నుంచి పాదాల దాకా పట్టీలతో బిగించుకునే మోటారు చట్రం అది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకసారి తొడుక్కుని నడిస్తే చాలు, ఆ అడుగులన్నీ గుర్తుపెట్టుకుని రోగిని అచ్చం అలాగే నడిపిస్తుంది. “ముందు రోజూ కాలెత్తే వ్యాయామం చెయ్యన్నా. కండ గట్టిపడినాకే బయట నడిచేది. ఇంకోసారి పడితే మళ్ళా ఆపరేషనే” అని శ్రీకాంత్ చెప్పి పంపాడు.

చంద్రమోహన్ వ్యాయామం వదిలేసి మెషిన్‌ను పట్టుకున్నాడు.

“వనజా, నువ్వూ నేనూ ఒకే ఎత్తు గదా?”

“పెళ్ళి ఫోటోలో నువ్వు పీటెక్కి నిలబడింది మర్చిపోయినావా?”

“సర్లే! ఇది తొడుక్కోని సంఘం ఆఫీసు దాకా నడిచి రా. దావంతా అది నేర్చుకుంటాది. రేపు నన్ను తీసుకపోతాది.”

“కాలెత్తమంటే ఎత్తవు. దావలో పడితే?”

“నడిచేది మెషిను. నేను యాడ పడతా?”

వనజాక్షి కాసేపు మెషిన్‌ను చూసింది, కాసేపు మొగుణ్ణి చూసింది. రెండింట్లో చెప్పిన మాట వినేదేదో తేలిపోయినట్టుంది. “సరే, తే” అని చీర కింద బిగించుకుని వెళ్ళి, దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చింది.

మరునాడు పంచె కింద రోబో కాళ్ళు, మెడలో దండ, వెనక అనుచరులు. ఇంట్లోనే మీట నొక్కుకుని వీధిలోకొచ్చాడు చంద్రమోహన్. జనం నోళ్ళు తెరిచారు. అతను మీసం తిప్పాడు.

మీసం ఇంకా చేతిలో ఉండగానే కాళ్ళు టక్కున ఆగాయి. సుబ్బరత్నమ్మ వాకిలి.

“ఏమప్పా, ఓటు కోసరమా? నాకు సంఘంలో ఓటే లేదు గదా!”

“అయినా... ఊరికే పలకరిద్దామని, అక్కా.”

ఆమె మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి కోడలి దాకా వచ్చాక గానీ కాళ్ళు కదల్లేదు. తర్వాత కూరగాయల బండి దగ్గర ఆగాయి. ఎందుకాగాయో చంద్రమోహన్‌కు తెలియదు. బండివాడు మాత్రం కవరు తెరిచి నిలబడ్డాడు. నామినేషన్ వేయబోతున్న నాయకుడు చేసేది లేక అరకిలో బెండకాయలు కొన్నాడు.

కూడలిలో అనుచరులు ఎడమకు తిరిగారు. కాళ్ళు కుడికి తిరిగాయి.

“అన్నా, ఆఫీసు ఈ పక్క!” అని అరిచాడు అనుచరుడు ఓబులేసు.

“నాకు తెలీదేమప్పా?”

“మరి యాడికి పోతాండావు?”

అదే అతనికీ అర్థం కావడం లేదు. ఆపే మీట తొడ దగ్గరుంది. నొక్కాలంటే నడిబజారులో పంచె పైకెత్తాలి. పదవి కోసం అంత దాకా దిగజారలేడు.

కాళ్ళు తిన్నగా నారాయణప్ప ఇంటి మెట్లెక్కాయి, పడసాలలో కుర్చీ చూసుకుని కూర్చోబెట్టాయి.

నామినేషన్‌కు బయల్దేరుతున్న నారాయణప్ప చొక్కా గుండీ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. ఎదురుగా షడ్డకుడు, వాకిట్లో జనం, ఒళ్ళో బెండకాయలు. ఏమీ అర్థంకాక, చివరకు తనకు పనికొచ్చేట్టు అర్థం చేసుకున్నాడు.

“చంద్రా! నొప్పి కాలేసుకోని, నాకు మద్దతు చెప్పేదానికి ఇంత దూరం నడిచొచ్చినావా!” అంటూ కౌగిలించుకున్నాడు.

కాదంటే, మరి ఎందుకొచ్చినట్టు? కాళ్ళు తీసుకొచ్చాయని చెప్పాలి. అంతకంటే ఆ కౌగిలే నయమనుకున్నాడు చంద్రమోహన్. నారాయణప్ప అతని మెళ్ళో దండే తీసి తన మెళ్ళో వేసుకుని ఆఫీసుకు బయల్దేరాడు. అనుచరులూ జై కొడుతూ వెనకే పోయారు. ఓబులేసు గొంతే గట్టిగా వినిపించింది.

ఇల్లు ఖాళీ అయ్యాక అక్క వంటింట్లోంచి వనజాక్షి ఉగ్గాని, బజ్జీల పళ్ళెంతో వచ్చింది.

“నువ్వెప్పుడొచ్చినావే?”

“నీ కాళ్ళు సుబ్బరత్నమ్మ తాన ఆగినప్పుడు, సందులో పడి వచ్చినా.”

“నిన్న ఆఫీసుకు పొమ్మంటే ఈడికొచ్చినావా!”

“అధ్యక్షుడివైతే ఇంట్లో కుదురుగా ఉంటావా? తిరిగి తిరిగి మళ్ళా తుంటి విరగ్గొట్టుకుంటావు. నీకు చెప్తే వినవు. వినేదానికి చెప్పినా.”

“ఇంకా టైముండాది. ఇంటికి పోయి, చేతికర్రలేసుకోనైనా పోతా!” అని చంద్రమోహన్ మీట నొక్కాడు. కాళ్ళు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

“ఏమొచ్చిందే దీనికి? ఇంటికి దావ తెలీదా?”

“ఎట్ల తెలుస్తాది? నిన్న వాపసు నేను ఆటోలో వచ్చినా.”

చంద్రమోహన్ ఓ బజ్జీ అందుకున్నాడు.

“ఆ ఆటోవాణ్ణే పిలువు.”

“పిలుస్తా. ముందు ఆ పట్టీలిప్పి కాలెత్తు.”

చంద్రమోహన్ బుద్ధిగా పట్టీలు విప్పి, ఆపరేషనైన తర్వాత మొదటిసారి, ఏ మోటారూ లేకుండా కాలెత్తాడు.

“ఇంకొంచెం పైకి” అంది వనజాక్షి.