ముద్ర పడని పాలకూర

నాకు ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం, నా కూతురి నోట్లోకి వెళ్ళే ముద్ద. దయ్యాలంటే భయం లేదు. ఇంటి ఓనరంటే కూడా ఓ మోస్తరు భయమే. కానీ మూడేళ్ళ హారతి పాలకూర పప్పన్నం కోసం నోరు తెరిస్తే, ఆ ఆకు మీద ఏం చల్లారో, ఏ మిల్లు వదిలిన రంగునీళ్ళు తాగి పెరిగిందో తెలియక నా చెయ్యి మధ్యలోనే ఆగిపోతుంది.

నాలాంటి భయస్తుల కోసమే ఆర్గానిక్ ముద్ర పుట్టింది. ప్యాకెట్ మీద గుండ్రంగా, పచ్చగా ఉంటుంది. మనిషి జాతికి ఇంతకు మించిన మేలు ఇంకొకటి జరగలేదని తెలుగు నేల వదిలి ఇక్కడి మిల్లులకు వలస వచ్చిన మనవాళ్ళ కోసం రాస్తున్న ఈ వ్యాసంలో నిరూపిస్తాను. నవ్వకండి.

ముద్ర లేని రోజుల్లో ఎంత అవస్థ! కూరగాయలమ్మే మనిషి ముఖంలోకి చూడాలి. ఏ ఊరని అడగాలి. నిజం చెబుతున్నాడో లేదో కళ్ళను బట్టి కనిపెట్టాలి. ఇప్పుడు ఆ పని తప్పింది. ముద్ర చూస్తే చాలు, మనిషిని చూడక్కర్లేదు. చూసే పాత అలవాటు పోనివాళ్ళ కోసం ప్యాకెట్ వెనక తలపాగా చుట్టుకుని నవ్వే రైతు ఫోటో వేస్తారు. కాకరకాయల మీద ఆయనే, కందిపప్పు మీద ఆయనే, నిన్న చూస్తే అల్లం పొడి మీద కూడా ఆయనే. ఎంత కష్టజీవి!

ఈ జ్ఞానం నాకు సూర్యకుమారి మేడమ్ దగ్గర దొరికింది. ఆమె భర్త హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె చీరలకు నేను ఫాల్ కుడతాను. భర్త ఉద్యోగం మీద వాళ్ళు ఆస్ట్రియా దేశంలో మూడేళ్ళు ఉండి వచ్చారు. నేను సూది గుచ్చుతుంటే ఆమె ఆస్ట్రియా చెబుతారు.

"అక్కడ సాగుభూమిలో నాలుగో వంతు ఆర్గానిక్కేనమ్మాయ్. పాత పద్ధతి నుంచి మారడానికి రైతుకు రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళూ పంట తగ్గుతుంది, ఆర్గానిక్ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముకోవడానికీ వీల్లేదు. అందుకని గవర్నమెంటే భూమిని బట్టి డబ్బిస్తుంది."

"అయితే అక్కడి రైతులు హాయిగా ఉంటారన్నమాట."

"ఎక్కడమ్మా, వాళ్ళూ గొణుగుతూనే ఉంటారు. లాభమంతా సూపర్ మార్కెట్లు తింటున్నాయని. కాకపోతే గొణగడానికి వాళ్ళకో ఆఫీసుంది."

అక్కడ ఆర్గానిక్ ఆవుకు కూడా హక్కులున్నాయట. ఎప్పుడూ కొట్టంలోనే కట్టేసి ఉంచకూడదు, బయట గాలికి తిప్పాలి. ఆ సంగతి మా ఆయన గోపాల్‌కు చెప్పాను. ఆయన రోజుకు పన్నెండు గంటలు పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడి వచ్చే మనిషి.

"మా సేఠ్‌కు చెప్పకు," అన్నాడు చొక్కా మీద నుసి దులుపుకుంటూ. "గాలికి తిప్పుతా గని పాలియ్యుమంటడు."

ఇక మా ఆర్గానిక్ రైతు దగ్గరికి వద్దాం. పేరు నరహరి. గోపాల్ పక్క మగ్గం మీద పదకొండేళ్ళు నేశాడు. చుట్టం కాదు కానీ మేమిద్దరం అన్నా అనే పిలుస్తాం. మళ్ళీ మగ్గం దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు నిలవవని డాక్టర్ చెబితే, ఊరి శివార్లలోని కడోదరా అవతల రెండు బీఘాలు, అంటే ఎకరం పైచిలుకు, కౌలుకు తీసుకుని మందుల్లేని కూరగాయలు మొదలుపెట్టాడు. ముద్రకు ఇక్కడా రెండేళ్ళు ఆగాలన్నారు. వచ్చే దీపావళికి ఆ రెండేళ్ళు నిండుతాయి. అప్పటిదాకా నిలబడితే ముద్ర. లేకపోతే పొలం పోతుంది, మిగిలేది మగ్గం దుమ్మే.

ఈ రెండేళ్ళ సంగతి అన్నకు ఎలా అర్థమైందో చెప్పాలి. మగ్గం మీద బీమ్‌కు చుట్టిన దారం అయిపోతే కొత్త బీమ్ ఎక్కిస్తారు. అంతసేపూ మగ్గం ఆగుతుంది. మావాళ్ళకు కూలి నేసిన మీటర్లను బట్టి కాబట్టి, ఆగినంతసేపూ కూలి ఉండదు.

"గంతే గదా చెల్లె," అన్నాడు అన్న. "బీమ్ మార్చేటప్పుడు జర ఓపిక వట్టాలె. ఎక్కిందంటే మల్ల నడుస్తది."

"బీమ్‌కు రెండు గంటలే అన్నా, నీకు రెండేండ్లు," అన్నాడు గోపాల్.

"మగ్గం పెద్దది తమ్మీ, గందుకే."

ఆస్ట్రియాలో బీమ్ మారుతున్నంతసేపూ కూలి ఇస్తారు. అది పద్ధతి కాదని నా అభిప్రాయం. డబ్బిస్తే రైతుకు ఓపిక ఎప్పుడు అలవాటవుతుంది? మన దగ్గరా ఏవో పథకాలున్నాయట. అన్న ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగితే కౌలు కాగితం ఏదన్నారు. నోటి మాట కౌలుకు కాగితం ఎక్కడిది? కిటికీ మూసి, ఓపిక ఉచితంగా ఇచ్చి పంపించారు.

ఒకసారి అన్న పాలకూర కట్ట ఒకటి మేడమ్‌కు తీసుకెళ్ళాను. ఆమె ఆకును వెలుతురుకు పెట్టి చూశారు. చిల్లుల్లోంచి బాల్కనీ అంతా కనిపించింది.

"ఇదేంటమ్మాయ్, పురుగులు తినగా మిగిలింది తెచ్చావా?"

"మందు కొట్టలేదని అదే సాక్ష్యం మేడమ్."

"పురుగు సాక్ష్యం నాకెందుకు? సర్టిఫికెట్ ఏదీ?"

"దీపావళికి వస్తుందండి."

"అయితే దీపావళికే తీసుకురా."

న్యాయమే కదా! ఆస్ట్రియా సంతలో ఒక ముసలమ్మ దగ్గర వంకర క్యారెట్లు కొన్న ఫోటో మేడమ్ ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఆమెను సర్టిఫికెట్ అడిగారా అని నేను అడగలేదు. ఆస్ట్రియా ముసలమ్మకు ముఖమే సర్టిఫికెట్. ఆ ఆదివారమే మేడమ్ కుటుంబం డుమస్ బీచ్‌కు వెళ్ళి, నల్లటి నూనెలో వేగిన టమాటా భజియాలు నాలుగు ప్లేట్లు తిని వచ్చింది. ఆ టమాటాకు ముద్ర ఉందా? సముద్రపు గాలికి ఆ ప్రశ్న గుర్తుకు రాదు.

ఈ ముద్రను కూరగాయల దగ్గర ఆపేయడం నాకు నచ్చలేదు. పెళ్ళికొడుకుకు ఎందుకు వేయకూడదు? రెండేళ్ళు అబద్ధం ఆడకుండా ఉంటే నుదుటి మీద ఒక పచ్చ ముద్ర. అత్తగార్లకు మూడేళ్ళు, వాళ్ళ నేలలో పాత మందులు ఎక్కువ కాబట్టి. తొమ్మిదో తరగతి సగంలో బడి ఆగిపోయిన నాకు మాత్రం వద్దు. చదవడం, రాయడం, లెక్క కట్టడం వచ్చినా సర్టిఫికెట్ లేకపోతే రానట్టేనని నాకు ఎప్పుడో అలవాటైపోయింది.

అన్న ఆదివారం ఆదివారం సైకిల్ మీద మేముండే ఉన్ అనే బస్తీకి వచ్చేవాడు. అమ్ముడుపోని కట్టల్లో రెండు మా గడపలో పెట్టి, "బిడ్డకు వెట్టు చెల్లె, వాడిపోతయ్," అనేవాడు. డబ్బులిస్తే తీసుకోడు. ఆ ఆకు పెట్టేటప్పుడు మాత్రం నా చెయ్యి మధ్యలో ఆగేది కాదు. కానీ ఎన్నాళ్ళని ఊరికే తింటాం? సిగ్గేసింది. ఒక ఆదివారం పక్కింటివాళ్ళ ముందు నవ్వులాటకు అన్నాను.

"ముద్ర వడ్డంక తే అన్నా. అప్పుడు పైసలిచ్చి తీస్కుంట."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "గట్లనే చెల్లె," అన్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

మొన్న బుధవారం ఆయన భార్య ఐలమ్మ వదిన ఫోన్ చేసింది. కడోదరాలో చీరలు మడతపెట్టే పనికి పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది.

"పురుగు మస్తు వడ్డది పద్మా. నిన్న మందు డబ్బా తెచ్చిండు."

"అయ్యో, కొడితే ముద్ర పోతది గద వదినా," అన్నాను. చూశారా, అప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది ముద్రే.

వదిన నా ముద్ర మాట పట్టించుకోలేదు.

"మందు తెచ్చిండు గని కొట్టే పంపు తేలె. ఎవ్వర్ని అడుగలె. డబ్బా మంచం కింద వెట్టుకున్నడు."

మా పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి గోపాల్ షిఫ్ట్ మధ్యలో మగ్గం ఆపి అన్న దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో డబ్బా ఉంది.

"ఏమని అడిగినవ్?"

"మా ఇంట్ల బొద్దింకలు మస్తున్నయ్, గది నాకియ్యి అని అడిగిన. జరసేపు డబ్బా దిక్కే చూసిండు. రెండోసారి అడుగంగ ఇచ్చిండు. ఛాయ్ తాపిండు. మంచిగనే ఉన్న అన్నడు."

ఆ డబ్బా ఇప్పుడు మా ఒంటిగది ఇంట్లో, ఇనుప ట్రంకులో, తాళం వేసి ఉంది. తాళంచెవి నా మెడలో ఉంది. ముద్దలో మందు చుక్క ఉంటుందేమోనని వణికే మనిషిని, పూర్తి లీటరు పక్కన పెట్టుకుని పిల్లకు అన్నం తినిపిస్తున్నాను. అది ఇక్కడుంటే అక్కడ లేనట్టే కదా అని ధైర్యం చెప్పుకుంటున్నాను. కానీ దుకాణంలో ఆ డబ్బా ఒక్కటే ఉంటుందా?

శుభ్రమైన కూరకు ఎంత ఖర్చవుతుందో ఆస్ట్రియా వాళ్ళు లెక్క కట్టుకుని, రెండేళ్ళ బరువును దేశమంతా తలా కొంచెం ఎత్తుకున్నారు. మేము మొత్తం ఒక్కడి నెత్తిన పెట్టి, పైగా నవ్వాం. నవ్వినవాళ్ళలో నేనున్నాను.

గోపాల్‌కు సెలవు ఆదివారం ఒక్కరోజే. ఆదివారాలు మేం చూసుకుంటాం. మిగతా ఆరు రోజులు వదిన లేని పగటిపూటలు మీ చేతుల్లో పెడుతున్నాను. ఇది చదివే మనవాళ్ళలో కడోదరా మిల్లులకు రోజూ వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. హైవే దిగాక చెరుకు తోటల మధ్య చిన్న పాలకూర మడి, పక్కన రేకుల గది కనిపిస్తాయి. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు. బండి ఆపి నరహరి అన్నా అని పిలవండి. పలికేదాకా పిలవండి.