రెండు పడవలు, ఒక పంది తల

ఒక్‌హీ వంటింటి గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతోంది. పక్కనే భర్త దల్సు రెండు మోటారు పడవల ఫొటోలు ముందేసుకుని, ఏది కొనాలని వేసవి మొదలైనప్పటి నుంచీ తెగని ఆలోచనే మళ్ళీ ఎత్తుకున్నాడు. హ్వాంగ్ గారి పడవ గాలిలా పోతుంది గానీ పైకప్పు లేదు. ఎండకు తాళలేక ఆయన భార్య అందులో కాలు పెట్టదు, అందుకే అమ్మేస్తున్నారు. తాక్ గారి పడవకు చక్కటి కప్పుంది గానీ, అది నత్తకు అక్క. తను చేరేసరికి చేపలన్నీ ఎవరో పట్టుకుపోతున్నారని గోలపెడుతూ ఆయనా అమ్మేస్తున్నారు.

ఒక్‌హీకి ఏదైనా ఒకటే. అత్తగారు మల్సున్ పుట్టిన దీవికి లాంచీ ఆగిపోయింది. చలిగాలులు రాకముందే మనవలతో సహా అందరూ కలిసి అక్కడికెళ్ళి, ఆ ఒడ్డున కూర్చుని ఒక్క పూట అన్నం తినాలని ముసలావిడ కోరిక. దల్సు సరేనని మాటిచ్చాడు. మాటివ్వడం అతనికి తేలికే, ‘వద్దు’ అనడమే చేతకాదు. పెద్దమనుషులిద్దరూ పోసిన సోజు సారా తాగి, ఇద్దరితోనూ మీ పడవే నచ్చిందని చెప్పి వచ్చాడు.

"మీరు తేల్చేలోగా అత్తయ్య ఈదుకుంటూ వెళ్ళొచ్చేస్తారు," అంది ఒక్‌హీ.

మల్సున్ ఎండ టోపీ పెట్టుకుని మాంసం కొట్టుకు వెళ్ళి, ఆదివారానికి ఉడికించిన పంది తల ఒకటి కావాలని చెప్పి వచ్చింది. నవ్వుమొహం ఉన్నదే ఇవ్వమంది.

నవ్వే పంది తలను ఊరికే ఎవరూ అడగరు. కొత్త పడవో కారో కొంటే దాని ముందు పెట్టి మొక్కడానికే అడుగుతారు. సాయంత్రానికల్లా దల్సు పడవ కొన్నాడని రేవంతా తెలిసింది. ఎవరిదన్నది మాత్రం ఎవరూ అడగలేదు. తనదే అనుకుని హ్వాంగ్ గారు పడవకు రంగేయించారు. తనదే అనుకుని తాక్ గారు ఇంజను బాగుచేయించారు. శనివారం ఊరుమ్మడి స్నానశాలలో ఒకరి తర్వాత ఒకరు దల్సు వీపు రుద్ది మరీ అభినందించారు. అప్పుడైనా నిజం చెప్పేవాడే. కానీ వీపు రుద్దుతున్న పెద్దాయనతో కాదని ఎలా అంటాడు?

ఆదివారం పొద్దున రేవుకు రెండు పడవలూ వచ్చాయి. చూడ్డానికి ఊరూ వచ్చింది. పంది తల మాత్రం ఒక్కటే.

"తల ఇటు తిప్పండమ్మా," అన్నారు హ్వాంగ్ గారు.

"ఎందుకు తిప్పాలి? నా పడవను చూసేగా అది నవ్వుతోంది," అన్నారు తాక్ గారు.

దల్సు జనం వెనక వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఎంతకీ ముడి పడటం లేదు.

మాటామాటా పెరిగింది. లోపాలు చూపిస్తానంటూ హ్వాంగ్ గారు తాక్ గారి పడవెక్కారు. వెనకే ఎక్కిన ఆయన భార్య కప్పు కింద నీడలో కూర్చుని ఇక దిగనంది. తాక్ గారు కూడా ఊరుకోకుండా హ్వాంగ్ గారి పడవను రేవులో ఒక చుట్టు తిప్పారు. ఎవరూ అడక్కుండానే రెండో చుట్టూ తిప్పారు. ఎండ ముదిరేలోగా ఇద్దరూ పడవలు మార్చేసుకున్నారు.

ఇక అమ్మకానికి పడవే లేదు. దల్సుకు మిగిలింది పంది తల. ఒక్‌హీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మల్సున్ మాత్రం తలను మధ్యలోనే ఉంచి అందరిచేతా రెండు పడవలకూ మొక్కించింది. మాంసం కోసి ఇద్దరి నోళ్ళలోనూ తన చేత్తోనే పెట్టింది.

"నా మొక్కు తిన్నారుగా. ఇక నన్ను మా దీవికి ఎవరు తీసుకెళ్తారయ్యా?"

నోట్లో ముద్దతోనే ఇద్దరూ నేనంటే నేనన్నారు. ముసలావిడ కప్పు కింద, పిల్లలు కప్పులేని దాంట్లో బయల్దేరారు. మధ్యాహ్నం దీవి ఒడ్డున అందరూ అన్నాలు తిన్నారు. వచ్చే ఆదివారం ఎవరి వంతని అక్కడే పేచీ మొదలైంది.

"ఇదంతా ముందే అనుకున్నారా అత్తయ్యా?" అని గుసగుసగా అడిగింది ఒక్‌హీ.

"మార్చుకుంటారని నాకేం తెలుసే? రెండు పడవలొస్తే ఒక్కదాంట్లోనైనా నాకు చోటు దొరక్కపోతుందా అనుకున్నా."

మర్నాడు ఒక్‌హీ మళ్ళీ నెత్తళ్ళ ముందు కూర్చుంది. దల్సు రెండు కార్ల ఫొటోలు పరిచి, తెల్లదా ఎర్రదా అని గొణుక్కుంటున్నాడు. మల్సున్ ఆ ఫొటోల వంక కాసేపు చూసింది. లేచి ఎండ టోపీ పెట్టుకుని గుమ్మం దాటింది.

వీధి చివర ఆమె మాంసం కొట్టు వైపే తిరిగింది.