చక్రాలు దించని రోజు

యుద్ధ విమానాలు నడపడం నేర్పే ఆ కేంద్రంలో ఆయన్ని అందరూ మాష్టారనే పిలిచేవారు. పైవాడు తప్పు చేస్తుంటే కిందివాడు ధైర్యంగా చెప్పాలని నేర్పే తరగతి ఆయనది. నెలలు గడిచినా ఒక్కరూ నోరు మెదపలేదు. ఈ మధ్యాహ్నం తనిఖీ అధికారి ముందు ఒక్కరైనా ఎదురు చెప్పకపోతే తరగతి మూసేస్తారు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఈ మొహమాటమే ఎప్పుడో ఒకప్పుడు నిజం విమానంలో తన దగ్గర నేర్చుకునే పిల్లల ప్రాణాల మీదికి తెస్తుందని. ఆ పిల్లలంటే ఆయనకు పంచప్రాణాలు.

పొద్దున్నే ఆయన బూట్లు తొడుక్కుంటుంటే చిన్న కూతురు ఎగాదిగా చూసింది.

"నాన్నా, సాక్సులు రెండూ రెండు రంగులు. ఇలాగే వెళ్తావా?"

మాష్టారి బుర్రలో లైటు వెలిగింది. కళ్ళెదుట తప్పు కనబడితే చెప్పకుండా ఎవరుంటారు?

కేంద్రానికి వెళ్ళగానే సిమ్యులేటర్ ఎక్కాడు. అది నేల మీదే ఉండే ఉత్తుత్తి విమానం. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి ఆయనే నడుపుతూ, కావాలనే చక్రాలు దించకుండా రన్‌వే మీదికి తెచ్చాడు. పక్క సీట్లో ఉన్న అమ్మాయిని అందరూ 'చిత్తం' అంటారు, ఆమె నోట ఇంకో మాట రాదు గనక. హెచ్చరిక గంట గణగణమంటున్నా ఆమె కిక్కురుమనలేదు. విమానం పొట్ట మీద జారుకుంటూ ఆగింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు మాష్టారు ఆశగా.

"చాలా మెత్తగా దించారు సార్."

ఆయన పట్టు వదలకుండా మళ్ళీ మళ్ళీ అలాగే దించాడు. వాళ్ళు శ్రద్ధగా చూశారు. విసిగిపోయి టీ తాగి వచ్చేసరికి అందరూ వరసగా పొట్ట మీదే దిగుతున్నారు. పక్క బృందానికి నేర్పే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కొత్త పద్ధతా? మాకు చెప్పలేదేం?"

"పద్ధతి కాదయ్యా, అది తప్పు."

"భలేవారే. మీరు తప్పు చేయడమేమిటి?" అని నవ్వేసి, తన వాళ్ళకి నేర్పడానికి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళకి కేంద్రంలో చక్రాలు దించేవాడే కరువయ్యాడు. మోత భరించలేక ఎవరో హెచ్చరిక గంటకు గుడ్డ కూడా చుట్టారు. అందరినీ పోగుచేసి సరిదిద్దుదామనుకునేలోపు తనిఖీ అధికారి ఊడిపడ్డాడు.

అధికారి వెనక కూర్చున్నాడు. చిత్తం నడుపుతోంది, పక్క సీట్లో మాష్టారు. రన్‌వే దగ్గరపడింది.

"చక్రాలు దించమ్మా," అన్నాడు మాష్టారు మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "దించను సార్."

"ఏమన్నావు?"

"మీరు పొరపడుతున్నారు సార్. పొద్దున మీరే చూపించారు. మన పద్ధతి అది కాదు."

మాష్టారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కదా ఆయన ముఖం వాచిపోయాడు. ఆ పిల్లని దగ్గరకు తీసుకోవాలో, తల బాదుకోవాలో తేలకముందే విమానం పొట్ట మీద దిగింది.

తనిఖీ అధికారి లేచి చప్పట్లు కొట్టాడు. "గురువు ముఖం మీదే కాదన్న పిల్లని ఇవాళే చూశాను. ఈ తరగతి అన్ని కేంద్రాల్లోనూ పెట్టిస్తాను."

"సార్, చక్రాలు మాత్రం దిగలేదు..."

"అది వేరే శాఖ చూసుకుంటుంది."

పై అధికారి కదా అని మాష్టారు ఇక ఎదురు చెప్పలేదు.