అత్యవసరంగా మానసిక వైద్యుడు కావలెను

శనివారం ఉదయం కోదండం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఆయన ముందున్న పని ఒక్కటే. ఎల్బీనగర్‌లో ఆఫీసు తాళం తీసి, టేబులు ముందు కూర్చుని, ఫోను మోగేదాకా ఎదురుచూడాలి.

ఆయన తూర్పు నగర మానసిక వైద్యుల సంఘంలో గుమాస్తా. పోచంపల్లిలో మగ్గమున్న ఇంట పుట్టి, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో ఇరవై ఏళ్ళు చీరలు విప్పి మడతపెట్టి, మోకాళ్ళు మొరాయించాక ఈ కుర్చీ ఉద్యోగంలో చేరాడు. నెలనెలా సంఘం సమాచార పత్రిక తయారుచేసి అరవై మంది డాక్టర్లకు మెయిల్‌లో పంపిస్తాడు. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, సదస్సు ఎక్కడ, ఖాళీలు ఎక్కడ, అన్నీ అందులో ఉంటాయి. అచ్చుతప్పు ఒక్కటి కూడా ఉండదని ఆయనకు గర్వం.

మూడు నెలలుగా ఆ పత్రిక చివరి పేజీలో ఒకే ప్రకటన వస్తోంది. అల్మాస్‌గూడలో ఒక ట్రస్టు తెరవబోయే క్లినిక్‌కు మానసిక వైద్యుడు కావాలి. ఒక్క దరఖాస్తూ రాలేదు. ట్రస్టువాళ్ళకు ఓపిక నశించి, ఈ శనివారం సాయంత్రంలోగా ఎవరూ దొరక్కపోతే ఆ గదిని పళ్ళ డాక్టరుకు ఇచ్చేస్తామన్నారు. కోదండానికి పళ్ళ మీద కోపమేమీ లేదు. కానీ సంఘం పేరు విని, ఇక్కడ వైద్యం చేస్తారనుకుని, అల్మాస్‌గూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, ఇది ఉత్త ఆఫీసని తెలిసి వెనక్కి వెళ్ళిపోయిన వాళ్ళ మొహాలు ఆయన మనసులో మెదులుతూనే ఉన్నాయి.

అందుకే నిన్న తన పాత స్నేహితుడు పౌలు నడిపే ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళి, ప్రకటన కాగితం ఇచ్చి, తెల్లారేసరికి ఎల్బీనగర్ చౌరస్తాలో కట్టమన్నాడు. డాక్టర్లు పత్రిక చదవకపోయినా సిగ్నల్ దగ్గర తలెత్తి చూడక తప్పదు కదా అని ఆయన లెక్క.

పౌలు స్నేహం కొద్దీ, చెప్పని పనులు రెండు చేశాడు. మనిషి ఫొటో లేని ఫ్లెక్సీని ఆయన జన్మలో అచ్చువేయలేదు. కోదండం వాట్సాప్‌లో ఉన్న ఫొటో తీసి నిలువెత్తున పెట్టాడు. అది మేనకోడలి పెళ్ళిలో హోమం పొగ కళ్ళలోకి కొట్టినప్పుడు తీసినది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు లేచి నిలబడింది. నెత్తి మీద పెద్ద అక్షరాల్లో 'అత్యవసరంగా మానసిక వైద్యుడు కావలెను' అని, కింద కోదండం పేరు, ఫోను నంబరు ఉన్నాయి. క్లినిక్ వివరాలన్నీ కాళ్ళ దగ్గర చీమలబారులా ఇరికించాడు. ఇది చాలదన్నట్టు, ఇంకో ఫ్లెక్సీ ఉచితంగా వేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోదండం ఉండే గల్లీ మొదట్లో కట్టేశాడు.

కోదండం రోజూ గల్లీ రెండో చివర నుంచి మెట్రోకు వెళతాడు. ఎల్బీనగర్‌లో చౌరస్తా దాకా పోకముందే ఆఫీసు వచ్చేస్తుంది. అందుకే ఇవేవీ ఆయన కంటపడలేదు.

పదింటికి మొదటి ఫోను వచ్చింది.

"అన్నా, కోదండమంటే నువ్వేనా? ఫ్లెక్సీ చూసిన."

కోదండం గుండె పొంగింది. "చెప్పండి సార్! మీకు ఎన్నేండ్ల అనుభవం?"

"నాకా? రెండేండ్లు మస్తు పరేషాన్ అయిన. ఇప్పుడు మంచిగున్న. నువ్వు ధైర్యం ఇడువకు అన్నా."

రెండోసారి ఒక ముసలమ్మ మాట్లాడింది. "బిడ్డా, మా దిక్కు ఒకాయన తాయెత్తు కడ్తడు. పొద్దుగాల తానం చేసి పోవాలె." డిగ్రీ ఏమిటని కోదండం మర్యాదగా అడిగాడు. ఆమె "అయ్యో పాపం" అని పెట్టేసింది.

పన్నెండింటికి భార్య భూలక్ష్మి ఫోను చేసింది. "జర ఇంటికి రా. ఏం లేదు. ఉత్తగనే." ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అంత మెత్తగా మాట్లాడటం కోదండం వినలేదు. ఎవరో పోయారనుకుని పరుగెత్తాడు.

ఇంట్లో అందరూ బతికే ఉన్నారు. కత్తిపీట మాత్రం కనిపించలేదు. బాలాపూర్ నుంచి వచ్చిన బామ్మర్ది సాయినాథ్ వాకిలికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భూలక్ష్మి అన్నం కలిపి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ముద్ద నోటి దగ్గరికి తెచ్చింది.

"నాకేమైంది? నా చేతులకేమైంది?" అన్నాడు కోదండం.

"ఏం గాలే బావా. ఎవరికైనా ఒస్తది. నువ్వు గట్టిగ మాట్లాడకు," అన్నాడు సాయినాథ్.

"నేనెక్కడ గట్టిగ మాట్లాడిన!" అని కోదండం గట్టిగా అరిచాడు. సాయినాథ్ కుర్చీని ఇంకో అడుగు తలుపు దగ్గరికి జరుపుకున్నాడు. భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో చేతిలో బ్యాగుతో ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకామె లోపలికి వచ్చింది. ఆమె సాయినాథ్ వాళ్ళ పక్కింట్లో ఉండే ఆనంద్ కుమార్ గారి కూతురు. సాయినాథే బతిమాలి పిలిపించాడు.

"నమస్కారం అంకుల్. నా పేరు సాధన. సైకియాట్రిస్టుని."

కోదండం ఎగిరి లేచాడు. "కూసోండి మేడం! మూడు నెలల సంది మీ కోసమే చూస్తున్న!"

సాధన భూలక్ష్మి వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా కూర్చుంది. "నా కోసమా? మూడు నెలల నుంచి ఎలా ఉంది మీకు?"

"ఏం చెప్పాలె. ఎవ్వరు ఒస్తలేరు. ఒస్తరేమోనని తలుపు దిక్కే చూసుడు."

"నిద్ర పడుతోందా?"

"ఎక్కడి నిద్ర! కండ్లు మూస్తే మా ప్రెసిడెంట్ సారు గొంతే. దొరికిండా, దొరికిండా అని."

సాధన పుస్తకంలో ఏదో రాసుకుంది. "ఆ గొంతు రోజూ వినిపిస్తుందా?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంతకు మీరు ఇంతకుముందు ఎక్కడ చేసిన్రు? ఎందుకు ఇడిచిపెట్టిన్రు?"

రోగి మాటకు ఎదురు చెప్పకూడదని ఆమె నిజమే చెప్పింది. "మలక్‌పేటలో. కాంట్రాక్టు పోయిన వారం అయిపోయింది."

"ఎప్పటి నుంచి చేరుతరు?"

"ముందు మిమ్మల్ని ఎప్పుడు చేర్చాలో చూద్దాం అంకుల్," అంది సాధన.

సరిగ్గా అప్పుడే కోదండం ఫోను మోగింది. సంఘం ప్రెసిడెంటు డాక్టర్ రామస్వామి గారు. కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆయన మాట మారలేదు. స్పీకరులో ఆ గొంతు గది నిండా వినిపించింది.

"ఏవండీ కోదండం గారూ! ఇదేం పనండీ? అరవై మంది డాక్టర్లం ఉన్నామే, మీకు బాగాలేకపోతే ఒక్క మాట చెప్పకూడదా? రోడ్డు మీద బ్యానరు కట్టుకుంటారా? నాకు తల కొట్టేసినట్టయిందండీ!"

"నాకేం బాగలేదు సార్?"

"ఆ ఫొటోయే చెబుతోంది కదండీ!"

సాయినాథ్ తన ఫోనులోని ఫ్లెక్సీ ఫొటోను బావకు చూపించాడు. కోదండం చూశాడు. కాళ్ళ దగ్గరి చీమలబారును వేళ్ళతో పెద్దది చేసి, పైకి చదివాడు. అల్మాస్‌గూడ, క్లినిక్, దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు.

భూలక్ష్మి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బాలో దాచిన కత్తిపీట బయటికి తీసింది.

సాధన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఈ పోస్టు గురించి నాకెవరూ చెప్పలేదే," అంది.

"పత్రికల ఉన్నది కద మేడం! మూడు నెలల సంది ఆఖరి పేజీల!"

"అది ఎవరు తెరుస్తారు అంకుల్?"

పొద్దున్నుంచి ఎంతమంది ఎన్ని అన్నా చలించని కోదండానికి ఈ మాట మాత్రం ఛాతీలో గుచ్చుకుంది. అయినా దిగమింగుకుని, తన బ్యాగులోంచి దరఖాస్తు ఫారం తీసి టేబులు మీద పెట్టాడు. నాలుగున్నరకు సాధన సంతకం చేసింది. అయిదింటికి ట్రస్టువాళ్ళు సరేనన్నారు.

పదిహేను రోజుల తర్వాత క్లినిక్ తెరిచారు. మొదటి రోజు జనం ఎక్కువవుతారని చీటీలు రాయడానికి కోదండాన్ని కూర్చోబెట్టారు. అందరికంటే ముందు సాయినాథ్ వచ్చాడు. తనకేమీ లేదనీ, నిద్ర పట్టని ఒక దోస్తు గురించి అడిగి పోదామని వచ్చాననీ గోడ వైపు చూస్తూ చెప్పాడు.

చీటీ మీద దోస్తు పేరేం రాయాలని కోదండం అడిగితే, కాసేపు ఆలోచించి, వాని పేరు కూడా సాయినాథే అన్నాడు.