కృతజ్ఞతలు చెప్పాక కారిన గుండె

అబెనాసే ఊరి సంఘ పెద్దలు సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, ఆజువా తీవా గుండె బాగయింది. తెల్లబట్టలు కట్టి, డోళ్లు మోగించి, ఆదివారం ఆరాధనలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పేశారు కాబట్టి ఈ విషయంలో ఇక మార్పులకు తావు లేదు.

తీవా సంత పక్కన ఉడికిన కందగడ్డల్ని ఫూఫూ ముద్దగా దంచి అన్నం పెట్టే పూటకూళ్ల మనిషి. గుండె మందగించి పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోతుంటే పట్నం డాక్టర్లు గుండెను నడిపించే పేస్‌మేకర్ యంత్రం పెట్టారు. పాస్టరు అసియెడు గారు దాన్ని తమ ప్రార్థనా ఫలంగా ప్రకటించి, ఆమె చేత సాక్ష్యం చెప్పించారు.

కొన్ని వారాలకు తీవా కాళ్లు లావెక్కాయి. పొట్ట ఉబ్బింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊరు ఆనందంతో పొంగిపోయింది. ఒళ్లు చేయడాన్ని మించిన ఆరోగ్యం అక్కడ ఎవరూ ఎరగరు. బక్కచిక్కిన కోడళ్లను తీసుకొచ్చి, ఆమెను చూసి బుద్ధి తెచ్చుకోమన్నారు. పడుకుంటే ఊపిరాడక ఆమె గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే, ప్రార్థనలో ఉందని ఇరుగుపొరుగు గొంతు తగ్గించారు.

"చెప్పులు పట్టడం లేదు వదినా," అంది తీవా, అన్న భార్య మన్సాతో.

"దేవుడు ఇవ్వడమంటూ మొదలుపెడితే చెప్పులు పట్టవు మరి," అని మురిసిపోయింది మన్సా.

తీవా వెళ్లి చూపించుకుంటే, పట్నం డాక్టరు యంత్రం భేషుగ్గా ఉందన్నాడు. కానీ దాని తీగ గుండె కుడివైపు కవాటంలోంచి పోతోంది. ఆ తీగ అడ్డుపడి కవాటం రేకు పూర్తిగా మూసుకోవడం లేదు, రక్తం వెనక్కి కారుతోంది. త్వరగా తీగ మార్చకపోతే గుండె చేతులెత్తేస్తుందన్నాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "తల్లీ, కృతజ్ఞతలు చెప్పేశాం," అన్నారు పాస్టరు గారు బాధగా. "ఇప్పుడు కారుతోందంటే, దేవుడు పని సగంలో వదిలేశాడని మనమే చాటినట్టు కాదూ?"

"దేవుడితో నాకేం పేచీ లేదు అయ్యగారూ. తీగతోనే," అంది తీవా.

పెద్దలు దీర్ఘంగా ఆలోచించి, ఆమె జబ్బును కోతల పండగ దాటేవరకూ వాయిదా వేశారు. ఆ పండగ ఊరేగింపులో సంపూర్ణ ఆరోగ్యానికి నమూనాగా ముందు నడవమన్నారు. తీవాకు నిజంగా భయం వేసింది. చావడం ఒక ఎత్తు, చప్పట్ల మధ్య నవ్వుతూ చావడం ఇంకో ఎత్తు. కందగడ్డలు కొనడానికని చెప్పి పట్నం బస్సెక్కేసింది.

అక్కడ తీగను కవాటానికి అడ్డురాకుండా మార్చారు, ఒంట్లో చేరిన నీరు దించారు. తీవా సన్నగా, తేలిగ్గా, పాత చెప్పులేసుకుని బస్సు దిగింది. ఒక్కచోట కూడా ఆగకుండా ఎత్తు ఎక్కి ఇల్లు చేరింది.

ఆమెను చూసి ఊరు గొల్లుమంది. మనిషి సగమైపోయిందన్నారు, మొహంలో కళ లేదన్నారు. పాస్టరు గారు అంతిమ ప్రార్థనలు ఆరంభించారు. ఆడవాళ్లు కర్మకు కట్టాల్సిన ఎర్రబట్ట, నల్లబట్ట ఎంచి దర్జీని పిలిపించారు. తీవా ఆకలేసి ఫూఫూ లాగిస్తుంటే, ఆఖరి కోరికకు అడ్డు రావద్దని పెద్దలు సైగ చేశారు.

"వదినా, నాకు బాగైపోయింది. ఇప్పుడే హాయిగా ఉంది," అంది తీవా.

మన్సా ఏడుపాపి చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరకు వంగింది.

"మెల్లగా అను. దర్జీ ఊరందరికీ కొలతలు తీసుకోవడం అయిపోయింది. ఇప్పుడు బతికావంటే నలుగురూ ఏమనుకుంటారు?"