చలవ కాటా

నవ్వండి, కానీ ముందు నా సిద్ధాంతం వినండి.

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లుగా కాటా వేస్తున్నవాణ్ణి నేను. ఇటు బస్తా, అటు రాయి, ముల్లు మధ్యలో నిలబడితే అదే న్యాయం. ఇప్పుడన్నీ ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి గానీ, నా బుర్రలో మాత్రం పాత కాటాయే వేలాడుతోంది. మనిషి ఒళ్లు కూడా అలాంటిదేనని నా నమ్మకం. ఇటు వేడి, అటు చలవ. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ. మిరపకాయ వేడి, సబ్జా గింజలు చలవ. మా అత్తగారు రావడం వేడి, వెళ్లడం చలవ. ఒక పళ్లెంలో ఎంత వేడి పడ్డా, రెండో పళ్లెంలో అంత చలవ వేస్తే ముల్లు మధ్యకే వస్తుంది.

పేరు పిచ్చయ్య. ఊరు ప్రత్తిపాడు. మా ఆవిడ అంకమ్మ. పేరులోనే అంకె ఉంది కాబట్టి నేను ఎన్ని ముద్దలు మింగానో ఎప్పుడడిగినా చెప్పగలదు.

ఈ ఏడు పండుమిరపకాయలు దిగగానే అంకమ్మ చింతపండూ ఉప్పూ వేసి రోట్లో తొక్కి, జాడీ నిండా కొరివికారం పెట్టింది. లోకం కొరివితో తల గోక్కోవద్దంటుంది. మేం నాలుక గోక్కుంటాం.

సరిగ్గా జాడీకి వాసెన కట్టిన మర్నాడే నాకు కళ్లు తిరిగాయి. గుంటూరులో డాక్టరు తోమా గారికి చూపించుకున్నాను. తోమా అన్నానని పళ్ల డాక్టరు అనుకునేరు. ఆయన తోమేది మనిషిని. "నూట అరవైకి వంద" అన్నాడా పెద్దాయన. మాత్ర రాశాడు. "ఉప్పు బాగా తగ్గించు. ఊరగాయల జోలికి పోవద్దు. నెల్లాళ్లకి మళ్లీ రా" అన్నాడు.

బీపీ అంటే బువ్వలో పథ్యం అని ఆ రాత్రే తెలిసింది. అంకమ్మ జాడీని అటకెక్కించింది.

"డాక్టరు గారు బీపీ దిగిందంటేనే ఇది దిగుతుంది."

"అది జాడీనా, ఖైదీనా?"

"ఖైదీ మీరండీ. అది దొంగసొత్తు."

కొత్త కారం అటక మీద ఉండగా కింద చప్పిడి పప్పు తినడం మా జిల్లాలో శిక్షాస్మృతిలో కూడా లేదు. అందుకని యార్డులో నా పక్కన కాటా వేసే బుడేని పట్టుకున్నాను. వాడిదీ మా ఊరే. వాడి భార్య ఫాతిమా కొరివికారం పెడితే వీధి చివర కూడా తుమ్ములొస్తాయి.

"ఒరేయ్ బుడే, రేపట్నుంచి నీ డబ్బాలో నా వాటా కూడా పట్రా."

"అక్కకి తెలిస్తేనో?"

"తెలియదురా. నేను తినే వేడికి తగ్గ చలవ కూడా వేసుకుంటాగా. బీపీకి కూడా తెలియదు."

నెల్లాళ్లు ఆ కాటా అద్భుతంగా నడిచింది. మధ్యాహ్నం కొరివికారం. నాలుగింటికి సబ్జా. సాయంత్రం బార్లీ. రాత్రి రెండు గ్లాసుల మజ్జిగ.

"మజ్జిగ మీద ఇంత మోజేంటండీ ఈ మధ్య?" అంది అంకమ్మ.

"ఒళ్లు చలవగా ఉండాలిగా మరి."

"అలాగా" అంటూ గ్లాసు నింపింది. ఆ 'అలాగా'లో 'గా' కాస్త సాగింది. మజ్జిగలో మాగాయ లేదన్న దిగుల్లో నేను పట్టించుకోలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు వచ్చింది. చివరి తూకం కదా అని పొద్దున్నే చలవ పళ్లెం నింపేశాను. రెండు చెంబుల మజ్జిగ, చెంబుడు బార్లీ, బస్టాండులో రెండు కొబ్బరిబోండాలు. అంకమ్మ పక్కనే నిలబడి "ఇంకోటి కొట్టించమంటారా?" అని అడిగింది కూడా. ఎంత ప్రేమ అనుకున్నాను.

బస్సు ఊరు దాటగానే ప్రేమ పొత్తికడుపులోకి దిగింది. గతుకు వచ్చినప్పుడల్లా లోపల సాగర్ కాలవకి గండి పడినంత పనైంది.

"ఏంటండీ, అలా మెలికలు తిరిగిపోతున్నారు?"

"సిగ్గుగా ఉందే."

"పెళ్లైన పాతికేళ్లకా?"

బస్సు దిగి పరుగెత్తేసరికి నా నంబరే పిలుస్తున్నారు. వదులుకుంటే మళ్లీ గంట. కాళ్లు పేనుకుని కూర్చున్నాను. డాక్టరు చేతికి పట్టా చుట్టి, చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నూట ఎనభై! పిచ్చయ్యా, ఆ కాళ్లేంటి జడలా అల్లుకుపోయాయి?"

చిటికెనవేలు చూపించాను.

"ముందు వెళ్లిరావయ్యా! అలా బిగబట్టుకుంటే ఎవరికైనా బీపీ ఎక్కుతుంది."

వెళ్లాను. వచ్చాను. నడుమ గడిచిన సమయం చెప్పను. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. నూట యాభై ఎనిమిది.

"నెల్లాళ్లకి రెండే దిగింది. మాత్ర వేసుకుంటున్నావా?"

"రోజూ వేసుకుంటున్నానండి."

"మరి ఉప్పు?"

"మా ఇంట్లో దాని పేరే ఎత్తమండి."

"ఇంట్లో ఎత్తమండి" అంది అంకమ్మ. "యార్డులో ఎత్తుతారు. వారం కిందటే ఫాతిమా వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. 'వదినా, మా ఆయన పూటకి ఇద్దరి కారం తింటున్నాడు, కడుపులో ఏం పుట్టిందో ఏమో' అని."

ఇక దాచడానికేమీ లేక నా కాటా సిద్ధాంతం మొత్తం విప్పాను. డాక్టరు శ్రద్ధగానే విన్నాడు.

"కాటా ఉన్నమాట నిజమే. కానీ అది వేసేది నువ్వు కాదు. ఉప్పు ఎక్కువైతే దాన్ని పలచన చెయ్యడానికి ఒళ్లే దాహం పుట్టిస్తుంది, నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆ నీళ్లతో రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువైన ఉప్పుని కిడ్నీలు మోసి బయట పడేస్తాయి. హమాలీ చేత నెల్లాళ్లు ఆగకుండా బస్తాలు మోయిస్తే ఏమవుతాడు?"

"కూలబడతాడండి."

"కిడ్నీ అయినా అంతే. పోనీ ఆ మజ్జిగలో ఉప్పు వేసుకోలేదు కదా?"

"నేను వెయ్యలేదండి" అంది అంకమ్మ.

"నేనే వేసుకున్నానండి" అన్నాను. "ఉప్పులేని మజ్జిగ ఎవరు తాగుతారండీ!"

డాక్టరు కలం కింద పెట్టేశాడు. నేను మాత్రం ఆశ కింద పెట్టలేదు.

"అంటే తప్పంతా ఉప్పుదే కదండీ. కారం ఏ పాపం చేసింది?"

"కారం తింటే నోరు కాలిందనుకుని ఒళ్లు చెమట పోస్తుంది. దాని చలవ అదే చేసుకుంటుంది. నీ కడుపుకి పడితే కారంతో నాకు పేచీ లేదు."

"విన్నావా!" అని కుర్చీలోంచి లేచాను. "కారంతో పేచీ లేదట! పెద్దాయన నోటితో అన్నాడు!"

"విన్నానండీ" అంది అంకమ్మ, వినయంగా.

మర్నాడు కంచంలో ఎర్రగా, గుండ్రంగా, నెయ్యి తళతళలాడుతూ కొరివికారం. కళ్లు చెమర్చాయి. ముద్ద కలిపి నోట్లో పెట్టాక ఇంకా చెమర్చాయి. చింతపండుంది, వెల్లుల్లి ఉంది, పండుమిరపకాయ నిప్పులా ఉంది. ఉప్పు మాత్రం రవ్వంత కూడా లేదు. ఉప్పులేని కారం సాక్షి లేని వాంగ్మూలంలా నాలుక మీద నిలబడి అరుస్తుంది తప్ప లోపలికి పోదు.

"డాక్టరు గారు ఒప్పుకున్న కారం. రోజూ నాలుగు కాయలు అప్పటికప్పుడు నూరి పెడతాను. ఎలా ఉందండీ?"

గుంటూరు జిల్లాలో పుట్టిన మగాడు కారం తినలేనని ఎలా అంటాడు?

"బ్రహ్మాండం" అన్నాను, చెవుల్లోంచి ఆవిరి వస్తుండగా.

"అయితే రేపట్నుంచి ఆరు కాయలు."

బుడే డబ్బా మూత కూడా మూసుకుపోయింది. ఫాతిమా ఇప్పుడు వాడికి సరిగ్గా ఒక్కడికి సరిపడా పెడుతోంది. నేను పక్కకొచ్చి కూర్చుంటే వాడు గోడ వైపు తిరిగి తింటున్నాడు.

మరో నెల గడిచింది. నూట ముప్పైకి ఎనభై నాలుగు! తోమా గారు భుజం తట్టారు. ఇంటికి రాగానే గుమ్మంలోనే కేక పెట్టాను. "బీపీ దిగింది! జాడీ దించు!"

అంకమ్మ స్టూలెక్కి జాడీ దించింది. వాసెన విప్పాను. మూత తీశాను. తల పెట్టి చూశాను. అడుగున వేలితో రాసినా అంటనంత ఎర్రటి మరక.

"ఏదే కారం?"

"మీరు యార్డుకెళ్లాక మధ్యాహ్నం నేనూ అన్నం తినాలిగా. ఆదివారాలు మీరూ బుడే పేకాటకి పోతే ఫాతిమా వచ్చి కూర్చునేది."

"ఇంత ఉప్పు తింటే నీకు బీపీ రాదూ?"

"తోమా గారికి చూపించుకున్నానండీ. నూట పద్దెనిమిదికి డెబ్బై ఆరు. అయినా ఇంత తినకూడదని కేకలేశారు. అప్పటికే అయిపోయింది."

"మరి బీపీ దిగితే జాడీ దిగుతుందని నాకు మాటిచ్చావు కదే!"

"దిగింది కదండీ. నిండుగా దిగుతుందన్నానా?"

మాట అంటే మాటే. నేను జాడీ తీసుకెళ్లి, శుభ్రంగా కడిగి, ఎండలో బోర్లించాను.