సిస్టరమ్మ పంతం, టైరు పంతం

మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున పూట సిస్టరమ్మ ఏదో ఒక పని పెట్టుకుంటుంది. ఆ రోజు పెట్టుకున్నది చిన్న పనే. సైకిలు ముందు చక్రానికి పాత టైరు తీసేసి కొత్తది ఎక్కించాలి. చక్రం ఊడదీసి, గాలి తీసి, వరండాలో పడుకోబెట్టి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

ఆమె ఆస్పత్రిలో నర్సు. వీధి వీధంతటికీ సిస్టరమ్మ. ఆఫీసు సూపర్నెంటుగా చేసి రిటైరైన ఆమె భర్తను మాత్రం వీధిలో 'సిస్టరమ్మగారి ఆయన' అంటారు. ఆ పిలుపు వింటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. ఆమెను రోజూ తన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే గాని ఆ పేరు పోదని ఆయన నమ్మకం. ఆ స్కూటరు సంగతి సిస్టరమ్మకు బాగా తెలుసు. కనిపించిన ప్రతివాడి దగ్గరా ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా ఆయన సర్వీసు కథ మొదటి నుంచి మొదలవుతుంది. ఒకసారి ఎక్కింది. ఇక చచ్చినా ఎక్కదు.

"ఆ టైరు నీకు లొంగదోయ్," అన్నాడాయన పేపరు వెనక నుంచి.

"నాకు లొంగనిది ఈ ఇంట్లో మీరొక్కరే. టైరు లొంగుతుంది."

"అయితే పందెం. ఇవాళ నువ్వు సైకిలు మీద డ్యూటీకి వెళ్ళావా, ఇంకెప్పుడూ దాని ఊసెత్తను. వెళ్ళలేకపోయావా, రేపే అమ్మేద్దాం. తర్వాత రోజూ నా వెనకే."

"సరే. తర్వాత మాట మార్చారంటే ఊరుకోను."

టైరు ఎండకు ఎండి, వానకు తడిసి, రిమ్ముకు కరుచుకుపోయి ఉంది. బొటనవేళ్ళతో నొక్కింది. వేళ్ళు నొప్పి పుట్టాయి గాని టైరు కదల్లేదు. వాచిన వేళ్ళ నుంచి ఉంగరాలు తీయడంలో సిస్టరమ్మది అందెవేసిన చెయ్యి. సబ్బునీళ్ళు రాసి మెల్లగా తిప్పుతూ లాగితే ఎంతటి ఉంగరమైనా రావలసిందే. టైరు మాత్రం ఏమంత గొప్పది అనుకుని చక్రమంతా సబ్బు పట్టించింది. టైరు ఎక్కడిదక్కడే ఉంది. అంతకు ముందు చేతికి దొరికేది, ఇప్పుడు అదీ లేదు.

వంటింట్లోంచి చెంచా తెచ్చింది. అది వంగిపోయింది. ఇంకో చెంచా టైరు కింద దూరి, మళ్ళీ బయటికి రానంది. మూడోసారి గరిటె పట్టుకొస్తుంటే అత్తగారు అడ్డం వచ్చింది.

"అది నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొన్న గరిటే!"

"మీ కాపురం నిలబడింది కదా అత్తయ్యా, గరిటె కూడా నిలబడుతుంది."

నిజంగానే నిలబడింది. దాని కాడ దూర్చి బలంగా ఎత్తితే టైరు అంచు వేలెడంత పైకి లేచింది. అది చూసి సూపర్నెంటుగారికి పేపరు మీద మనసు నిలవలేదు. ఇంకాసేపు ఊరుకుంటే పందెం పోతుంది. కానీ తన ఎదురుగా ఒక పని జరుగుతుంటే సలహా ఇవ్వకుండా కూర్చోవడం ఆయన సర్వీసులో ఎన్నడూ లేదు.

"అట్లా కాదు. ప్రతిదానికీ ఓ పద్ధతుంటుంది. నువ్వు గరిటె పట్టుకో, నేను లాగుతాను," అని వచ్చి, లేచిన అంచు కిందికి వేళ్ళు పోనిచ్చాడు.

"గట్టిగా పట్టుకో! వదిలావంటే చూడు!"

"ప్రాణం పోయినా వదలను! ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలి!"

పై వాటాలో ఉండే వకీలుకు ఈ కేకలు వినిపించాయి. దానికి ముందు చెంచాలు నేల మీద పడ్డ చప్పుళ్ళూ విని ఉన్నాడు. రోజూ కోర్టులో మొగుడూ పెళ్ళాల తగాదాలు చూసే మనిషి కాబట్టి ఆయనకు వేరే అనుమానమే రాలేదు. గబగబా మెట్లు దిగి వచ్చాడు. వంగి కూర్చున్న భర్త, ఆయన నెత్తి మీదుగా గరిటె పట్టుకున్న భార్య కనిపించారు.

"ఆవేశపడకండి అక్కయ్యగారూ! ఏదైనా కూర్చుని మాట్లాడుకుందాం!" అంటూ గరిటె లాగేసుకున్నాడు.

టైరు టప్పున మూసుకుంది. సూపర్నెంటుగారు పెట్టిన కేకకు వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. మూడు వేళ్ళు ఎలాగో బయటపడ్డాయి గాని, ఉంగరం ఉన్న వేలు ఉంగరంతో సహా లోపలే ఉండిపోయింది.

"నేను రాజీ చేద్దామని..." అన్నాడు వకీలు.

"చేశారుగా, ఇక అవతలికి జరగండి," అంది సిస్టరమ్మ.

"ఉండు నాయనా, కత్తి తెస్తాను!" అంది అత్తగారు.

"అమ్మా! నేను నీ కడుపున పుట్టినవాణ్ణే!"

"టైరు కొయ్యడానికిరా, సన్నాసీ!"

"కత్తి లాభం లేదత్తయ్యా. అంచులో ఉక్కు తీగ ఉంటుంది, తెగదు," అంది సిస్టరమ్మ. వేలు అప్పటికే ఎర్రబడుతోంది. ఆస్పత్రిలో ఉంగరం కోసే పనిముట్టు ఉంది. ఆటో కోసం ఎదురుచూస్తూ నిలబడితే వేలు మరింత వాస్తుంది. స్కూటరు నడపడం ఆయనకు తప్ప ఎవరికీ రాదు, ఆయన చెయ్యి చూస్తే చక్రంలో ఉంది.

"మీ సైకిలు ఇవ్వండి," అంది వకీలుతో. ఆయన పరుగున వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

సూపర్నెంటుగారు వెనక క్యారియరు మీద, ఆయన ఒళ్ళో చక్రం. బెల్లు కొట్టుకుంటూ సిస్టరమ్మ వీధి మధ్యలోంచి పోనిచ్చింది. "అయ్యో, సిస్టరమ్మగారి ఆయన! ఏమైందో!" అని ప్రతి ఇంట్లోంచీ వినిపించింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె మాత్రం తల ఎత్తుకునే తొక్కింది.

మలుపులో పెద్ద గతుకు వచ్చింది. పడిపోతానన్న భయంతో ఆయన చక్రాన్ని పొట్టకు అదుముకున్నాడు. రిమ్ము నడుమ లోతుగా గాడి ఉంటుంది. పొట్ట వైపు టైరు అంచు ఆ గాడిలోకి దిగింది. అటు దిగేసరికి ఇటు వదులైంది, వేలు సుఖంగా బయటికి వచ్చింది. దాని వెనకే టైరు కూడా సగానికి ఊడి ఒళ్ళో పడింది.

"వచ్చింది! వేలొచ్చిందే! ఆపు, దిగిపోతాను."

"మడవండి. వేలు పూర్తిగా మడవండి."

"మడిచాను! ఏమీ కాలేదు. ఆపవే!"

"డ్యూటీ టైమైంది. కూర్చోండి."

"ఇదిగో, పందెం నీ సైకిలు గురించి. ఇది వకీలుది. చెల్లదు."

"నా సైకిలు చక్రం మీ ఒళ్ళోనే ఉందిగా. అదీ నాతోటే వస్తోంది," అని సిస్టరమ్మ ఇంకాస్త గట్టిగా తొక్కింది.

ఆస్పత్రి గేటు దాటుతుంటే ఆమె అవసరం లేకపోయినా బెల్లు మోగించింది. సైకిళ్ళ స్టాండు కాపలాదారు ముందు సైకిలును చూశాడు, తర్వాత క్యారియరు మీది పెద్దమనిషిని, ఆయన ఒళ్ళోని చక్రాన్ని చూశాడు. కాసేపు ఆలోచించి, ఒకటిన్నర సైకిలుకు టోకెను రాశాడు.